రెవిట్‌లో గీసింది కనిపించడం లేదా? మళ్లీ గీసే ముందు ఇవి చూడండి

"అన్నా, బీమ్ పెడుతున్నా, రావట్లేదు. మూడుసార్లు పెట్టా."

కొన్నేళ్ల కిందట మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి అన్న మాట ఇది. నేను లేచి వెళ్లి, వ్యూలో ఒక సెట్టింగ్ మార్చి, బీమ్ కనిపించేలా చేసి, వచ్చి నా సీట్లో కూర్చున్నాను. "మూడుసార్లు" అన్న మాట చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. నాలుగు రోజుల తర్వాత కాంక్రీట్ లెక్క తీస్తే ఆ అంతస్తుకి తేడా వచ్చింది. తవ్వి చూస్తే ఒకే చోట, ఒకదాన్లో ఒకటి దూరినట్టు, మూడు బీములు. పైకి చూస్తే ఒక్కటే.

రెవిట్ అంటే భవనాన్ని త్రీడీ మోడల్‌గా గీసే సాఫ్ట్‌వేర్. ప్లాన్, సెక్షన్ లాంటి ఒక్కో చూపుని అది వ్యూ అంటుంది. ఇందులో "కనిపించడం లేదు" అన్న ఫిర్యాదుకి పదిహేను కారణాలైనా ఉండొచ్చు. అన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఏది ముందు చూడాలో తెలిస్తే చాలు. నేను వాడే వరస ఇక్కడ రాస్తున్నాను. వెర్షన్‌ని బట్టి బటన్ల చోటు కొద్దిగా మారొచ్చు గానీ పద్ధతి మారదు. షార్ట్‌కట్లు రెండేసి అక్షరాలు. వరసగా నొక్కితే చాలు, ఎంటర్ అక్కర్లేదు.

మొదట: అసలు ఉందా, లేదా?

దీనికి జవాబు దొరికేదాకా ఏ సెట్టింగ్ జోలికీ వెళ్లకండి. తేల్చుకోవడానికి మూడు దారులున్నాయి.

త్రీడీ వ్యూ తెరవండి. ప్రాపర్టీస్‌లో సెక్షన్ బాక్స్ టిక్ ఉంటే తీసేయండి, సగం సార్లు అదే కోసేసి ఉంటుంది. మీ త్రీడీ వ్యూ మీద నమ్మకం లేకపోతే కొత్తది ఒకటి పుట్టించుకోండి.

రెండోది షెడ్యూల్, అంటే మోడల్‌లో ఉన్నవాటి జాబితా పట్టిక. బీములైతే స్ట్రక్చరల్ ఫ్రేమింగ్ షెడ్యూల్, కిటికీలైతే విండో షెడ్యూల్. ఆ వరస మీద క్లిక్ చేసి పైన రిబ్బన్‌లో 'హైలైట్ ఇన్ మోడల్' నొక్కితే, అది కనిపించే వ్యూ ఎక్కడుందో రెవిట్టే వెతికి తెరుస్తుంది. నాకు బాగా ఇష్టమైన పరీక్ష ఇది. షెడ్యూల్‌కి వ్యూ రేంజ్‌తో (వ్యూ ఎంత ఎత్తు, లోతు దాకా చూస్తుందన్నది), క్రాప్‌తో (వ్యూ అంచులు కత్తిరించడం) పనిలేదు కాబట్టి దాచిందేదీ దాని దగ్గర దాగదు. కాకపోతే ఫేజ్ (నిర్మాణ దశ), ఫిల్టర్లు షెడ్యూల్‌కీ ఉంటాయి, అవి మాత్రం చూసుకోండి.

మూడోది ఐడీ. హెచ్చరికలోనో, క్లాష్ రిపోర్ట్‌లోనో (ఒకదాన్నొకటి ఢీకొన్నవాటి జాబితా) ఎలిమెంట్ (బీమ్, గోడ లాంటి ఒక్కో వస్తువు) ఐడీ దొరికి ఉంటే, మేనేజ్ ట్యాబ్‌లో 'సెలెక్ట్ బై ఐడీ' తెరిచి ఆ సంఖ్య పెట్టి 'షో' నొక్కండి.

నలుగురు పనిచేసే సెంట్రల్ ఫైల్ అయితే "లేదు" అని తీర్పు చెప్పే ముందు వర్క్‌సెట్స్ (టీమ్ పంచుకోవడానికి మోడల్‌ని విడగొట్టిన భాగాలు) డైలాగ్ తెరిచి, 'ఓపెన్డ్' గడిలో ఏవైనా 'నో' అని ఉన్నాయేమో చూడండి. మూసేసిన వర్క్‌సెట్‌లో ఉన్నవి ఏ వ్యూలోనూ కనిపించవు. పొద్దున్నే ఫైల్ త్వరగా తెరుచుకోవాలని మీరే మూసి ఉంటారు, మధ్యాహ్నానికి మరిచిపోయి ఉంటారు.

బల్బు నొక్కండి

ఉందని తేలింది, ఈ వ్యూలో మాత్రం లేదు. ఇప్పుడు కింద వ్యూ కంట్రోల్ బార్‌లో బల్బు గుర్తు నొక్కండి. రివీల్ హిడెన్ ఎలిమెంట్స్ అంటే ఇదే, షార్ట్‌కట్ ఆర్‌హెచ్. వ్యూ చుట్టూ మెజెంటా రంగు చట్రం వస్తుంది, దాచినవన్నీ అదే రంగులో తేలతాయి.

ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. మీ ఎలిమెంట్ మెజెంటా రంగులో కనిపించిందా, ఎవరో దాన్ని చేతులారా దాచారు. కనిపించలేదా, దాచలేదు, అది ఈ వ్యూ చూపు అందే మేరకి బయట ఉంది: ఎత్తులోనో, క్రాప్‌లోనో, ఫేజ్‌లోనో. ఈ ఒక్క నొక్కుతో వెతకాల్సిన చోట్లు సగానికి తగ్గుతాయి. చాలామంది బల్బు నొక్కి, రాకపోయేసరికి "ఇది కూడా పనిచేయట్లేదు" అని వదిలేస్తారు. రాకపోవడమే జవాబని తోచదు.

ఎవరో దాచారు అని తేలితే

వ్యూ చుట్టూ లేత నీలం చట్రం ఉంటే అది తాత్కాలికంగా దాచడం, కళ్లజోడు గుర్తు పని. హెచ్‌ఆర్ నొక్కితే అన్నీ తిరిగొస్తాయి. ఫైల్ మూసి తెరిచినా ఆ దాచడం పోతుంది. అదే మెనూలో 'అప్లై హైడ్/ఐసోలేట్ టు వ్యూ' అని ఒకటుంది. పొరపాటున దాని మీద నొక్కితే తాత్కాలికం కాస్తా శాశ్వతమవుతుంది, నీలం చట్రం పోతుంది, ఆనవాలు కూడా మిగలదు.

శాశ్వతంగా దాచింది అయితే బల్బు వెలిగి ఉండగానే ఆ ఎలిమెంట్‌ని ఎంచుకోండి. రిబ్బన్‌లో 'అన్‌హైడ్ ఎలిమెంట్', 'అన్‌హైడ్ కేటగిరీ' అని రెండు బటన్లు వస్తాయి. ఏది వెలిగి ఉంటే ఆ దారినే దాచారని అర్థం. దాన్ని నొక్కి బల్బు ఆర్పేయండి. ఒక్క తలుపుని దాచబోయి తలుపుల కేటగిరీ మొత్తాన్ని దాచేయడం తరచూ చూస్తుంటాను. ఈహెచ్ నొక్కబోయి వీహెచ్ నొక్కుతారు, అంతే.

కేటగిరీ మాటొస్తే వీజీ నొక్కి విజిబిలిటీ/గ్రాఫిక్స్ తెరవాలి. పై వరసలో 'షో మోడల్ కేటగిరీస్ ఇన్ దిస్ వ్యూ' టిక్ ఉందా? ఆ ఒక్క టిక్ పోతే వ్యూ మొత్తం ఖాళీ. తర్వాత మీ కేటగిరీ పక్కన ప్లస్ నొక్కి ఉపకేటగిరీలు చూడండి. తలుపు కనిపిస్తుంది గానీ తెరుచుకునే వంపు గీత కనిపించడం లేదంటే 'ప్లాన్ స్వింగ్' ఆఫ్ అయి ఉంటుంది. ఆ తర్వాత ఫిల్టర్స్ ట్యాబ్. "పాత గోడలు", "తాత్కాలికం" లాంటి పేర్లతో ఎవరో పెట్టిన ఫిల్టర్‌కి విజిబిలిటీ టిక్ తీసి ఉంటే, మీరు ఏ కేటగిరీ ఆన్ చేసినా ఆ నియమానికి లోబడినవి రావు.

ఇవన్నీ బూడిదరంగులో ఉండి మార్చనివ్వడం లేదంటే పని మీ చేతిలో లేదు, వ్యూ టెంప్లేట్ (వ్యూ సెట్టింగ్‌లని ఒకేచోట కట్టిపెట్టే మూస) చేతిలో ఉంది. ప్రాపర్టీస్‌లో ఐడెంటిటీ డేటా కింద టెంప్లేట్ పేరు ఉంటుంది. తొందరపడి ఆ టెంప్లేట్‌ని దిద్దకండి. అదే టెంప్లేట్ ఇంకో ముప్పై వ్యూలకి తగిలించి ఉండొచ్చు. ఊరికే చూడాలంటే కళ్లజోడుకి దగ్గర్లోనే 'టెంపరరీ వ్యూ ప్రాపర్టీస్' బటన్ ఉంది. దాన్ని ఆన్ చేసి ఎన్ని మార్పులైనా చేసి చూడండి, ఆఫ్ చేస్తే వ్యూ మళ్లీ మొదటికొస్తుంది. ఏం మార్చాలో ఖాయమయ్యాక టెంప్లేట్ బాధ్యత ఎవరిదో వాళ్లకి చెప్పండి.

వ్యూ రేంజ్: అసలు తంటా ఇక్కడే

బల్బు వెలిగించినా రాలేదంటే నేను మొదట నొక్కేది వీఆర్. ప్లాన్ అంటే ఇంటిని ఒక ఎత్తులో అడ్డంగా కోసి పైనుంచి చూడటం. ఏ ఎత్తులో కోయాలి, ఎంత లోతు దాకా చూడాలి అన్నది వ్యూ రేంజ్ చెబుతుంది. మెట్రిక్ టెంప్లేట్‌లో మామూలుగా టాప్ 2300, కట్ ప్లేన్ 1200, బాటమ్ 0, వ్యూ డెప్త్ 0 మిల్లీమీటర్లుగా ఉంటాయి. ఈ అంకెలతో మన ఇళ్ల ప్లాన్‌లకి ఎక్కడెక్కడ చిక్కొస్తుందో చూద్దాం.

మా అబ్బాయి బీమ్ సంగతి. అది టాయిలెట్ పక్క బీమ్. అక్కడ సంకెన్ స్లాబ్ (పైపుల కోసం కిందికి దించిన స్లాబ్) కాబట్టి బీమ్‌ని 300 కిందికి దించాలి. అబ్బాయి ప్రాపర్టీస్‌లో జెడ్ ఆఫ్‌సెట్ విలువ మైనస్ 300 ముందే పెట్టుకుని మరీ బీమ్ వేశాడు, తప్పేం లేదు. కానీ ఆ వ్యూ చూపు 0 దగ్గరే ఆగిపోయింది. మిగతా బీములన్నీ లెవెల్‌ని అంటుకుని ఉన్నాయి కాబట్టి కనిపించాయి, ఇదొక్కటే కనిపించలేదు. వేసిన ప్రతిసారీ కుడిపక్క కింద హెచ్చరిక వచ్చింది: నువ్వు సృష్టించినవేవీ ఈ వ్యూలో కనిపించవు, వ్యూ ప్రాపర్టీస్, విజిబిలిటీ, ప్లాన్ రీజియన్‌లు చూసుకో అని దాని సారాంశం. ఆ పెట్టెని చూడకుండానే మూసేయడం మనందరికీ అలవాటే. నేను చేసిందల్లా వ్యూ డెప్త్ మైనస్ 500కి దించడమే. దించేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: వ్యూ డెప్త్ ఎప్పుడూ బాటమ్‌కి సమానంగానో కిందనో ఉండాలి, కట్ ప్లేన్ టాప్‌కి బాటమ్‌కి మధ్య ఉండాలి. వరస తప్పితే రెవిట్ ఒప్పుకోదు.

బాటమ్‌కీ వ్యూ డెప్త్‌కీ మధ్య పడినవాటిని రెవిట్ 'బియాండ్' అనే గీత శైలిలో చూపిస్తుంది. గీత సన్నగా, వేరుగా కనిపిస్తుంటే భయపడకండి. మామూలు గీతలతో కావాలంటే బాటమ్‌ని కూడా దించండి. సంకెన్‌లో పరిచిన పైపులకి నేను రెండూ కలిపి మైనస్ 400 చేస్తాను. అయినా రాకపోతే పైన వేసిన ఫ్లోర్ ఫినిష్ కప్పేస్తోందేమో చూడండి. విజువల్ స్టైల్‌ని ఒక్క క్షణం వైర్‌ఫ్రేమ్‌కి మారిస్తే తెలిసిపోతుంది.

నేలల విషయంలో రెవిట్ కాస్త ఉదారంగా ఉంటుంది. ఫ్లోర్లు, మెట్లు, ర్యాంపులు బాటమ్‌కి నాలుగడుగుల దాకా కిందున్నా చూపిస్తుంది. సంకెన్ స్లాబ్ కనిపిస్తూ, దాని మీద ఉన్న పైపు కనిపించకపోవడానికి కారణం ఇదే. "స్లాబ్ వచ్చింది కదా, పైపెందుకు రాదు" అని కొత్తవాళ్లు తలబద్దలు కొట్టుకునేది ఇక్కడే.

ఇక బాత్రూమ్ వెంటిలేటర్. మన దగ్గర లింటెల్ 2100 దగ్గర ఉంటే, 600 ఎత్తు వెంటిలేటర్ అడుగు 1500 దగ్గర పడుతుంది. కట్ ప్లేన్ 1200 దగ్గర. అంటే కత్తి వెంటిలేటర్ కిందుగా పోయింది, అక్కడ కోసింది ఉత్త గోడని. అందుకే ప్లాన్‌లో నిండు గోడ కనిపిస్తుంది. ప్లాన్‌లో కనిపించేలా గుర్తు గీతలు ఉన్న ఫ్యామిలీ (రెవిట్‌లో వస్తువు నమూనా) అయితే బతికిపోతారు, లేకపోతే లేదు. వ్యూ మొత్తానికి కట్ ప్లేన్‌ని 1800కి లేపితే వెంటిలేటర్ వస్తుంది గానీ, 1500 దగ్గర ముగిసే వంటింటి కిటికీ లాంటిది ఉంటే అది కోతలోంచి తప్పుకుంటుంది. దీనికి మందు ప్లాన్ రీజియన్:

1. వ్యూ ట్యాబ్‌లో 'ప్లాన్ వ్యూస్' బాణం నొక్కి 'ప్లాన్ రీజియన్' ఎంచుకోండి.
2. వెంటిలేటర్ ఉన్న గోడ ముక్క చుట్టూ చిన్న దీర్ఘచతురస్రం గీయండి. గోడ మందం రెండు పక్కలా దాటాలి.
3. ప్రాపర్టీస్‌లో దాని వ్యూ రేంజ్ తెరిచి కట్ ప్లేన్ 1800 పెట్టండి. టాప్ 2300 అలాగే ఉండనివ్వండి.
4. ఆకుపచ్చ టిక్ నొక్కి ముగించండి.

రెండు రీజియన్‌లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కకూడదు, అంచులు తగలొచ్చు. షీట్ మీద ఆ పెట్టె గీత వద్దనుకుంటే వీజీలో అనోటేషన్ ట్యాబ్‌కి వెళ్లి 'ప్లాన్ రీజియన్' టిక్ తీసేయండి. గీత పోతుంది, ప్రభావం ఉంటుంది. ఇందులోనే ఇంకో ప్రమాదం ఉంది. మీకు ముందు పనిచేసినవాళ్లు ఇలా రీజియన్‌లు పెట్టి గీత దాచేసి ఉంటే, ఒక మూల మాత్రం అన్నీ వింతగా కనిపిస్తాయి. కారణం దొరకదు. అలాంటప్పుడు ఆ టిక్ మళ్లీ పెట్టి చూడండి.

అటక కూడా ఇదే బాపతు. 2100 దగ్గర ఫ్లోర్‌గా వేసిన అటక స్లాబ్ కట్ ప్లేన్‌కి పైన ఉంటుంది, ప్లాన్‌లో రాదు. మనకి చుక్కల గీతగా కావాలి. ప్రాపర్టీస్‌లో అండర్‌లే బేస్ లెవెల్‌ని అదే అంతస్తుకి పెట్టి, ఓరియంటేషన్ 'లుక్ అప్' చేయండి. అటక లేతగా తేలుతుంది. లైన్‌వర్క్ తీసుకుని, ఎల్‌డబ్ల్యూ, 'ఓవర్‌హెడ్' శైలితో దాని అంచుల మీద నొక్కి, అండర్‌లేని మళ్లీ 'నన్' చేయండి. గీతలు నిలిచిపోతాయి. అటక జరిగితే గీతా జరుగుతుంది. విడిగా డిటైల్ లైన్ గీస్తే ఆ సుఖం ఉండదు.

ఇంకొకటి చెప్పి దీన్ని వదిలేస్తాను. ఆరడుగుల లోపు గోడలని, మెట్రిక్‌లో అయితే 2 మీటర్ల లోపు వాటిని, కట్ ప్లేన్ తగిలినా రెవిట్ కోయదు, పైనుంచి చూసినట్టే చూపిస్తుంది. టాయిలెట్లలో 1500 ఎత్తు అడ్డుగోడ మిగతా గోడల్లా ముదురు గీతతో రాలేదని సెట్టింగ్‌లన్నీ తిరగేసిన సాయంత్రం ఒకటి నాకూ ఉంది.

ఫేజ్, డిసిప్లిన్, డిటైల్ లెవెల్

ఈ మూడూ ప్రాపర్టీస్‌లోనే ఉంటాయి, మూడూ చూడటానికి నిమిషం పట్టదు.

పాత ఇంటి మీద అంతస్తు వేసే పనుల్లో ఫేజ్ ఇరికిస్తుంది. వ్యూ ఫేజ్ 'ఎగ్జిస్టింగ్' అయితే 'న్యూ కన్‌స్ట్రక్షన్'లో గీసినవి రావు. పైగా మీరు ఏ ఫేజ్ ఉన్న వ్యూలో గీస్తే ఎలిమెంట్ ఆ ఫేజ్‌లోనే పుడుతుంది. వ్యూని మార్చాలా, ఎలిమెంట్ 'ఫేజ్ క్రియేటెడ్' మార్చాలా అన్నది ఆలోచించి చేయండి. పరీక్షకి ఫేజ్ ఫిల్టర్‌ని 'నన్' చేస్తే అన్ని ఫేజ్‌లవీ కనిపిస్తాయి.

డిసిప్లిన్ 'స్ట్రక్చరల్' అయితే బరువు మోయని గోడలు మాయమవుతాయి. ఇటుక గోడలన్నీ ఒక్కసారిగా పోయి కాలమ్‌లు మాత్రం నిలబడి ఉంటే వేరే ఏదీ చూడనక్కర్లేదు. 'కోఆర్డినేషన్' చేస్తే అన్నీ వస్తాయి.

డిటైల్ లెవెల్ 'కోర్స్' అయితే గోడలో ప్లాస్టర్ పొరలు రావు, స్టీల్ బీమ్ ఒంటి గీత అవుతుంది. పైపులు రెండు గీతలుగా కావాలంటే 'ఫైన్' ఉండాలి.

క్రాప్ కూడా ఇక్కడే చూసేయండి. 'క్రాప్ వ్యూ' టిక్ తీసి చూడటమే. సెక్షన్‌లో వెనక గోడ రాకపోతే 'ఫార్ క్లిప్ ఆఫ్‌సెట్' దూరం పెంచండి. ట్యాగులు, కొలతలు మాత్రమే పోతే 'అనోటేషన్ క్రాప్' అనుమానించండి.

గ్రిడ్లు, సెక్షన్ గుర్తులు

కొత్తగా ఒక అంతస్తు కలిపాక ఆ ప్లాన్‌లో గ్రిడ్లు రావు. గ్రిడ్ అంటే నిలువుగా నిలబెట్టిన అద్దం పలక అనుకోండి. పలక ఆ లెవెల్ దాకా లేస్తేనే ప్లాన్‌లో గీత పడుతుంది. ఎలివేషన్‌కి వెళ్లి గ్రిడ్ పై కొసని కొత్త లెవెల్ దాటేలా లాగండి. తాళం గుర్తు ఉంటే పక్కవన్నీ కలిసొస్తాయి.

సెక్షన్ గుర్తు 1:100 ప్లాన్‌లో ఉండి 1:200లో లేకపోతే, దాని ప్రాపర్టీస్‌లో 'హైడ్ ఎట్ స్కేల్స్ కోర్సర్ దేన్' విలువ మార్చండి.

లింకులు, క్యాడ్ ఫైళ్లు

లింక్ మోడల్ (వేరే ఫైల్ నుంచి తగిలించుకున్నది) రాకపోతే మేనేజ్ లింక్స్‌లో అది లోడ్ అయి ఉందో లేదో ముందు చూడండి. ఆ తర్వాత వీజీలో 'రెవిట్ లింక్స్' ట్యాబ్. 'బై లింక్డ్ వ్యూ' అని ఉంటే మీ వ్యూలో ఏం మార్చినా లింక్‌కి పట్టదు, అవతలి ఫైల్‌లోని వ్యూ ఎలా ఉంటే అలాగే వస్తుంది. 'బై హోస్ట్ వ్యూ' చేసి చూడండి.

క్యాడ్ ఫైల్ ఒక్క ప్లాన్‌లోనే కనిపించి మిగతావాటిలో లేకపోతే, తెచ్చేటప్పుడు 'కరెంట్ వ్యూ ఓన్లీ' టిక్ పెట్టారని అర్థం. అసలెక్కడా లేకపోతే జెడ్‌ఈ నొక్కండి, ఉన్నదంతా తెరలో పట్టేలా జూమ్ అవుతుంది. మీ ఇల్లు ఒక చుక్కగా, సర్వే డ్రాయింగ్ ఇంకెక్కడో ఇంకో చుక్కగా కనిపిస్తే మూలం కోఆర్డినేట్లలో ఉంది. హైదరాబాద్ సర్వేని యూటీఎం (భూమి మీద చోటుని మీటర్లలో చెప్పే పద్ధతి) కోఆర్డినేట్లలో గీస్తే ఉత్తర దిశ విలువ 19 లక్షల మీటర్లు దాటుతుంది. మూలబిందువు నుంచి 16 కిలోమీటర్లు దాటితే రెవిట్ సరిగా పనిచేయదు. దాన్ని తీసేసి 'సెంటర్ టు సెంటర్' పద్ధతిలో మళ్లీ తెచ్చుకోండి.

ఏదీ తేలకపోతే

వ్యూని డూప్లికేట్ చేయండి. ఆ నకలులో టెంప్లేట్ 'నన్', ఫేజ్ ఫిల్టర్ 'నన్', డిసిప్లిన్ 'కోఆర్డినేషన్', డిటైల్ 'ఫైన్', క్రాప్ ఆఫ్, వ్యూ రేంజ్‌లో టాప్, వ్యూ డెప్త్ రెండూ 'అన్‌లిమిటెడ్'. ఇప్పుడు కనిపించిందా? ఒక్కొక్కటే పాత విలువకి మారుస్తూ రండి. ఏ మార్పుతో మాయమైతే అదే దొంగ. ఇక్కడా కనిపించలేదంటే వీజీ, ఫిల్టర్లు, డిజైన్ ఆప్షన్‌లు (ఒకే చోటికి గీసిన ప్రత్యామ్నాయాలు) మిగిలాయి. చూడటం అయ్యాక ఆ నకలుని తీసేయండి. "కాపీ 1", "కాపీ 2" అని నలభై వ్యూలు పోగైన ఫైళ్లు మా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి.

ఎలిమెంట్ దొరికాక ఇంకో పని ఉంది, ఆ రోజు నేను చేయనిది. ఆ చోట ఎడమ నుంచి కుడికి విండో గీసి ఎంచుకోండి. కుడిపక్క కింద గరాటు గుర్తు దగ్గర సంఖ్య చూడండి. ఒక బీమ్ చుట్టూ గీస్తే 3 అని వస్తే, వెతికే తొందరలో మీరో మరొకరో మళ్లీ గీశారన్నమాట. మేనేజ్ ట్యాబ్‌లో 'వార్నింగ్స్' తెరిస్తే ఒకే చోట ఒకేలాంటివి ఉన్నాయని, షెడ్యూల్‌లో రెండుసార్లు లెక్కకొస్తాయని వాటి జాబితా ఉంటుంది. తీసేసేముందు ఏ కాపీకి ట్యాగ్, కొలతలు తగిలించి ఉన్నాయో చూసి దాన్ని ఉంచండి. ట్యాగ్ ఉన్నదాన్ని తీసేస్తే షీట్ మీది ట్యాగ్ కూడా దానితోపాటే పోతుంది, అప్పుడు "అన్నా, ట్యాగ్ కనిపించట్లేదు" అని ఇంకొకరు వస్తారు.